వైరు తాడూ, మా బావ చెవీ

మా బావ నాతో నేరుగా మాట్లాడటం మానేసి, ఆ తాడు తెగేనాటికే ఏళ్లయింది. బావ అంటే మా ఆయనకు అన్న. అందరం ఒకే ఆవరణలో ఉంటాం. ముందు కట్టె కోత మిషను, వెనుక రెండు వాటాల ఇల్లు, మధ్యలో దుంగలు దొర్లించే ఖాళీ జాగా. గోపాల్‌పేట నుంచి వనపర్తి పోయే వాళ్లకు ముందు మా రంపం చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాత రేకుల షెడ్డు కనిపిస్తుంది. ఆ చప్పుడులో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో బయటివాళ్లకు తెలిసే వీలు లేదు. మాకు బాగా తెలుసు.

మాటలు ఎందుకు ఆగాయో చెప్తాను. నా మొదటి కాన్పు గద్వాలలో, మా పుట్టింట్లో అయింది. అక్కడున్నన్ని రోజులూ వాకిట్లోని వేపచెట్టు ఏ కొమ్మకు ఉయ్యాల కట్టాలా అని ఆలోచించుకున్నాను. బిడ్డను ఎత్తుకుని వచ్చి ఆటో దిగేసరికి చెట్టు లేదు. మోకాలెత్తు మొద్దు మిగిలింది. మా చెట్టు ఎవరింట్లోనో దర్వాజాలైపోయింది. కొట్టించిన బావ నన్ను అడగలేదు సరే, మా ఆయనను కూడా అడగలేదు. దుంగలు దించుతున్న కూలీలు అక్కడే ఉన్నారు. నేను బిడ్డను భుజాన వేసుకునే అన్నాను.

"చెట్టు కనపడ్తే కోసుడే ఎరుక గీ ఇంటోళ్లకు. నీడ ఎందుకుంటదో తెల్వదు."

బావ నా వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూశాడు. "ఇయ్యాల్టి సంది ఈమె గొంతు నా చెవుల పడొద్దు" అన్నాడు.

మా వైపు కోడలు బావ ముందు కుర్చీలో కూర్చోదు, గొంతు పెంచదు. అది మర్యాద, నేనూ పాటించాను. ఆ మర్యాదను పట్టుకుని ఆయన నా నోటికి తాళం వేశాడు. సరే, పడొద్దన్నావుగా, నువ్వు బతిమాలినా పడదు అనుకున్నాను. ఆయన శిక్ష వేశాననుకున్నాడు, నేను పంతం పట్టాను. ఇద్దరికీ బాగానే కుదిరింది.

కుదరనిది మా ఆయనకు. ముగ్గురం ఒకే వాకిట్లో నిలబడి ఉంటాం. కరెంటు సాయంత్రం దాకా రాదట, మీ అన్నకు చెప్పు అంటాను. బావ అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాడు. మా ఆయన అటు తిరిగి ఆ మాటే మళ్లీ చెప్తాడు. బావ తమ్ముడికి జవాబిస్తాడు. తమ్ముడు ఇటు తిరిగి నాకు చెప్తాడు. పైగా ఆయనది మెత్తటి నోరు. నేను ముళ్లు గుచ్చి పంపిన మాట ఆయన నోట్లోంచి నున్నగా బయటికొచ్చేది. అందుకు నాకు ఆయన మీద కూడా కోపమే.

ట్రాక్టరు వెనుక మాకు వించ్ ఉంది. ఒక ఇనుప డ్రమ్ము, దానికి చుట్టిన వైరు తాడు. ట్రాక్టరు దిగలేని చోట్ల, వాగు గట్ల కింద, తోటల మధ్య పడగొట్టిన చెట్లను ఆ తాడుతో పైకి లాగుతారు. బావ సీటు మీద కూర్చుని లివరు నడుపుతాడు. తాడు పట్టుకుని కిందికి దిగేది మా ఆయన. దుంగకు గొలుసు చుట్టి, కొక్కెం తగిలించి, అది కదిలేదాకా దాని పక్కనే ఉండేది మా ఆయన. తాడు తెగితే బావకు పోయేదేం లేదు.

ఆ తాడు మా మామ ఉన్నప్పటిది. ఒక్కో తీగా తెగి పైకి లేచి, పొడుగునా ముళ్లు మొలిచింది. మా ఆయన అరచేతుల్లోంచి ఆ ముక్కలను పిన్నీసుతో తీసేది నేను. తీసిన ప్రతిసారీ మీ అన్నకు చెప్పు, తాడు మార్చమను అనేదాన్ని. గ్రీసు పూస్తే ఇంకో రెండు సీజన్లు వస్తుందని జవాబొచ్చేది. మా ఆయన ఆ జవాబును కూడా ఏదో మంచి కబురులా నవ్వుతూ మోసుకొచ్చేవాడు.

సోమశిల దారిలో కొల్లాపూర్ అవతల ఒక ముసలి మామిడితోట తీస్తున్నప్పుడు తాడు తెగింది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఉతకడానికి తీసిన ప్యాంటు మోకాలి దగ్గర కత్తితో కోసినట్టు చీలి ఉంటే, నిలదీసి అడిగితే బయటపడింది. తాడు ఈల వేసుకుంటూ వెనక్కి వచ్చి ఆయన కాలిని రాసుకుని పోయింది. ఇంకో జానెడు ఇటు వచ్చి ఉంటే కాలు ఉండేది కాదు. అంత జరిగాక బావ ఏం చేశాడు? తెగిన కొసలు రెండూ కలిపి ముడేసి, దాని మీద ఒక క్లాంపు బిగించి, పొద్దుగూకేదాకా అదే తాడుతో దుంగలు లాగించాడు. ఇనుప తాడును చీర కొంగులా ముడేసిన మనిషి ఆయన. నా మొగుణ్ని మళ్లీ ఆ తాడు కిందికే దింపాడు.

మర్నాడు ట్రాక్టరు తాళం కనపడలేదు. బియ్యం డబ్బాలో దాచింది నేనే. తాళం ఎక్కడని బావ తమ్ముణ్ని అడిగాడు, తమ్ముడు నన్ను అడిగాడు. కొత్త తాడు వచ్చిన రోజు తాళం వస్తుందని చెప్పు అన్నాను. ఈ మాటను మాత్రం నున్నగా చెయ్యడానికి వీల్లేదని ఆయన చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను. షెడ్డులో ఏదో పెద్దగా కిందపడ్డ చప్పుడైంది. బావ విసిరేశాడో, అదే పడిందో నేను పోయి చూడలేదు. రెండు రోజులు ట్రాక్టరు కదల్లేదు. మూడో రోజు అన్నదమ్ములిద్దరూ అలంపూర్ మీదుగా కర్నూలు పోయి కొత్త తాడు తెచ్చారు. నల్లగా గ్రీసుతో మెరుస్తున్న చుట్ట. దాన్ని చూసి నాకు ఎన్నాళ్లకో సంతోషమనిపించింది.

తాడు మార్చే రోజున కూలీలు లేరు, అందరూ వరికోతలకు పోయారు. అన్నదమ్ములిద్దరే మొదలుపెట్టారు. పాత తాడును మొత్తం వదిలి డ్రమ్మును బోసి చేశారు. పాత కొసను పట్టి ఉంచిన బోల్టు తుప్పుకు రాకపోతే సుత్తితో కొట్టి తీశారు. కొత్త తాడు చుట్టను చాపలాగా దొర్లించుకుంటూ వాకిలి పొడుగునా పరిచారు. పక్కనుంచి లాగితే మెలికలు పడుతుంది, మెలికపడ్డ చోటే రేపు తెగుతుంది. కొసను డ్రమ్ము రంధ్రంలోంచి దూర్చి, కొత్త బోల్టు వేసి బిగించారు. ఇక్కడిదాకా తప్పు పట్టడానికి ఏమీ లేదు, నేను గడపలో నిలబడి వెతికాను.

చుట్టేటప్పుడు మొదలైంది. వదులుగా చుట్టేస్తే చాలు, మొదటి దుంగ లాగినప్పుడు అదే బిగుసుకుంటుందని బావ అన్నాడు. మా పుట్టింటి సందులో అన్నీ మగ్గాలే. పడుగును వదులుగా చుడితే ఏమవుతుందో అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పై వరస కింది వరసల్లోకి దిగబడి కొరుక్కుంటుంది. ఇనుమైనా అంతే. బిగువు మీద చుట్టమని చెప్పు మీ అన్నకు, అన్నాను. మగ్గం వేరు వించ్ వేరని ఆమెకు చెప్పు, అని వచ్చింది. తాళం మళ్లీ డబ్బాలోకి పోతుందని చెప్పు, అన్నాను. బావ ఉమ్మేసి సీటెక్కాడు.

బిగువు పట్టడానికి ఒక మనిషి కావాలి. నేనే దిగాను. తాడును ఆ వేప మొద్దుకు ఒక చుట్టు వేసి, కొసను గోనెసంచితో పట్టుకున్నాను. డ్రమ్ము లాగుతుంటే తాడు మొద్దు చుట్టూ రాసుకుంటూ, గట్టిగా సాగి పోవాలి. మా ఆయన డ్రమ్ము పక్కన నిలబడి, వరస పక్కన వరస సరిగ్గా పడేలా సర్దాలి. కర్ర ముక్కతో సర్దమన్నాను. కర్రతో కుదరదని గుడ్డ పీలిక పట్టుకుని చేత్తోనే సర్దాడు. బావ లివరు దగ్గర కూర్చున్నాడు. వించ్ నడిపేవాడు వెనక్కి తిరిగి డ్రమ్మును చూస్తూ నడపాలి. కానీ వెనక్కి తిరిగితే ఎదురుగా నేను కనిపిస్తాను. అందుకని ముందుకే తిరిగి, మిషను గోడను చూస్తూ కూర్చున్నాడు. తమ్ముడు ఏది చెప్తే అది చేస్తాడట.

ఇప్పుడు ఆలోచిస్తే అంతకన్నా తెలివితక్కువ ఏర్పాటు ఉండదు. డ్రమ్ము మీద కన్నున్నది నాకు. లివరు మీద చెయ్యి ఉన్నది బావకు. మా ఇద్దరి మధ్యా మాట మొయ్యాల్సిన మనిషి చెయ్యేమో తాడు మీద ఉంది.

మొదటి వరస ముచ్చటగా పడింది. రెండో వరస సగంలో తాడు ఒకచోట ఎగిరి, ఖాళీ వదిలేసి ముందుకు దూకింది. మెల్లగా నడపమను మీ అన్నను, అన్నాను. మా ఆయన తల అటు తిప్పాడు. మెల్లగ పోనియ్యన్నా అని అరిచాడు. ఆ తల తిప్పిన కాస్సేపట్లోనే చేతిలోని పీలిక తాడు కింద పడి, దాంతో పాటు ఎడమ చెయ్యి లోపలికి పోయింది. మా ఆయన నోరు తెరిచాడు. కేక రాలేదు. ఊపిరే ఆగిపోయినట్టుంది.

నేను పట్టు బిగిస్తే తాడు ఆ చేతిని ఇంకా నలుపుతుంది. వదిలేస్తే డ్రమ్ము ఇంకా జోరుగా తిరుగుతుంది. నా చేతులతో చెయ్యగలిగింది ఏమీ లేదు. మిగిలింది గొంతే.

"ఆపు!"

బావ వీపు కదల్లేదు. తాడు వదిలేసి పరిగెడుతూ మళ్లీ అరిచాను. బావ వీపు అలాగే ఉంది, లివరు అలాగే ఉంది, డ్రమ్ము తిరుగుతూనే ఉంది. అప్పటికి మా ఆయనకు ఊపిరి వచ్చి కేక వేశాడు. తమ్ముడి గొంతు వినగానే బావ లివరు గుంజేశాడు. నా మొదటి కేకకూ మా ఆయన కేకకూ మధ్య రెండు వేళ్లు పోయాయి.

డ్రమ్మును వెనక్కి తిప్పించి చెయ్యి బయటికి తీశాం. గోనెసంచి చుట్టాను. మోటారుసైకిల్ మీద బావ ముందు, మా ఆయన మధ్యలో, నేను వెనుక. తూలి పడిపోకుండా ఆయనను రెండు వైపుల నుంచీ ఇద్దరం అదిమి పట్టుకున్నాం. వనపర్తి దవాఖాన చేరేదాకా ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మాట మోసేవాడికి స్పృహ సరిగా లేదు మరి.

చూపుడువేలు, మధ్యవేలు సగానికి పైగా తీసేయాలని చెప్పి లోపలికి తీసుకుపోయారు. వరండాలో బల్ల మీద బావ కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. అలవాటు ఎంత పాడుదో చూడండి, అప్పుడు కూడా ఆయన ముందు కూర్చోలేదు. ఆయన ఎదుటి గోడతో ఏదో అన్నాడు. గోడతో కాదు, నాతోనేనని కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"నీ మొదటి కేకనే ఇనపడ్డది."

"మరెందుకు ఆపలే?"

"నీ గొంతని."

ట్రాక్టరు చప్పుడుకు వినపడలేదని ఆయన అని ఉంటే నమ్మేదాన్ని. ఊరంతా నమ్మేది. డాక్టరు కూడా తల ఊపేవాడు. నిజం ఒప్పుకున్నాడు కదా, మనసు కరగలేదా అని తర్వాత మా అమ్మ అడిగింది. కరగలేదు. ఒళ్లంతా మంట పుట్టింది. వినపడితే ఆపని చెవి, వినపడని చెవి కన్నా వెయ్యి రెట్లు చెడ్డది. నాకు ఆ మనిషి మీద అసహ్యం వేసింది, అది దాచుకోను.

"పోతే నీ వేళ్లు పోవాల్సుండె" అన్నాను.

"అవు" అన్నాడు. లోపలినుంచి నర్సు వచ్చి సంతకం ఎవరు పెడతారని అడిగితే ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం. నేను లాక్కుని పెట్టాను.

ఇంటికొచ్చాక చాలా రోజులు మా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చునేవాడు. చొక్కా గుండీలు నేను పెట్టబోతే విసుక్కునేవాడు. ఆ మెత్తటి నోట్లోంచి ఒక రోజు మాట గట్టిగా వచ్చింది. నేను అలవాటుగా మీ అన్నకు చెప్పు అని ఏదో మొదలుపెట్టాను. బావ కూడా అక్కడే ఉన్నాడు.

"ఇగ మీ మాటలు మోసుడు నాతోని కాదు" అన్నాడు. "ఏమన్నుంటే మీరు మీరు చూసుకోండ్రి. మీ ఇద్దరి వేళ్లు మంచిగనే ఉన్నయి."

ఇద్దరి అన్నాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చెట్టు కొట్టింది నేను కాదు, గొంతు పడొద్దన్నది నేను కాదు, విని ఆపనిది నేను కాదు. మా ఆయన మాత్రం చెరిసగం పంచాడు. నా సగం నేను తీసుకోలేదు. ఆ మాట ఆయనకు మొహం మీదే చెప్పాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

తాడు మాత్రం అలా సగం చుట్టి ఉండిపోయింది. నేను వదిలేసినప్పటి వరసలన్నీ వదులు. వాటి మీద మరక ఎండి నల్లబడింది. రైతులు తమ దుంగలు ఎప్పుడు తెస్తారని అడుగుతున్నారు. వరికోతలు అయిపోయి కూలీలు వచ్చారు. వాళ్లతో తాడు చుట్టించవచ్చు. కానీ ఒక పొద్దున బావ ట్రాక్టరు స్టార్టు చేసి, సీటు మీద పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నేను గడపలో ఉన్నాను. ఆయన చూపు మొద్దు మీద ఉంది, నా మీద కాదు. నేను కదల్లేదు. ముందు ఎవరు మాట్లాడాలన్నది కూడా మాకు తగాదాయే. ఇంజను ఊరికే డీజిలు తాగుతోంది. చివరికి ఆయనే అన్నాడు.

"చెప్పు."

నేను దిగిపోయి, తాడును మొద్దుకు చుట్టాను. కూలీ ఒకడు కర్ర పట్టుకుని డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు. చెయ్యి పెడితే నీ చెయ్యి నేనే విరిచేస్తానని వాడికి ముందే చెప్పాను. ముందు ఉన్నదంతా వెనక్కి వదిలించాను. గుడ్డతో తాడు తుడిచాను. తర్వాత నడుపు అన్నాను. నడిపాడు. ఆపు అన్నాను. ఆపాడు. మెల్లగా అన్నాను. మెల్లగా నడిపాడు. మధ్యలో ఒక్క మాట లేదు, ఒక్క మర్యాద లేదు. వరస పక్కన వరస, మగ్గం మీద పడుగంత నీటుగా పడింది.

కొక్కెం దగ్గర మాత్రం మాటలు బోలెడు దొర్లాయి. తాడు కొసకు ముందు సన్నని కట్టుతీగ చుట్టి కోశాం, పురులు విడిపోకుండా. దాన్ని ఇనుప కడియం గాడిలో వంచి కన్ను చేసి, కొక్కెం దూర్చి, క్లాంపులు పెట్టాలి. మా నాయన ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టేవాడని బావ అన్నాడు. మీ నాయన తాడుకు ఏమైందో చూసినం కదా అన్నాను. చచ్చినోణ్ని అంటవా అని లేచాడు. బతికున్నోని చెయ్యి చూడు అన్నాను. ఏళ్ల తరబడి దాచుకున్నదంతా ఇద్దరం నడివాకిట్లో కుమ్మరించుకున్నాం. రంపం ఆపి కూలీలు చూశారు. మంచం మీది నుంచి మా ఆయన, తాడు అమ్మినాయన చెప్పింది ఇంతేనంటూ బాగున్న చేత్తో చూపించాడు. బరువు లాగే తాడు వైపు క్లాంపు మందపాటి దిమ్మె ఉండాలి, కొస వైపు దాని వంకీ బోల్టు ఉండాలి, అన్నీ ఒకే తీరుగా. మాలో ఒకరు చెప్పి ఉంటే రెండోవారు వినేవారు కాదు. బావ నోట్లో నన్ను తిట్టుకుంటూ నట్లు బిగించాడు. మొదటి దుంగ లాగాక వదులైన నట్లను మళ్లీ బిగించింది నేను.

అప్పటినుంచి వించ్ నడిచే చోటల్లా నేను పోతున్నాను. దుంగకు గొలుసు చుట్టేది ఇప్పుడు కూలీ. మా ఆయన మిషను దగ్గర కొలతలు చూసుకుంటాడు. బావ వెనక్కి తిరిగి కూర్చుంటాడు. నా గొంతు మీదే తాడు కదులుతుంది, నా గొంతు మీదే ఆగుతుంది. మేమిద్దరం కలిసిపోయామని ఊళ్లో అనుకుంటున్నారు. పండక్కి ఆయన వాటాలో నేను తినను, నా వాటాలో ఆయన తినడు. పని మాట తప్ప ఇంకో మాట లేదు.

ఒక్కోసారి తాడు చక్కగా పోతుంటుంది. దుంగ మెల్లగా పైకి వస్తుంటుంది. దారిలో రాయి లేదు, దగ్గర్లో మనిషి లేడు. అప్పుడు కూడా ఆపు అంటాను. గట్టిగా కూడా అనను. బావ వెంటనే లివరు గుంజుతాడు. దుంగ సగంలో ఆగిపోతుంది. ఏమీ లేదని ఆయనకు తెలుసు, తెలిసే అన్నానని కూడా తెలుసు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. నేను మళ్లీ నడుపు అనేదాకా లివరు మీద చెయ్యేసి అలాగే కూర్చుంటాడు.